రేడియో బాగయ్యేదాకా

హనుమకొండలోని కంప్యూటర్ దుకాణంలో కుర్రవాడు పెట్టె విప్పి, వెండిరంగు సంచిలోంచి కొత్త మదర్‌బోర్డును బయటికి తీయగానే వచ్చిన వాసన, పూర్తిగా ప్లాస్టిక్కూ కాని, లక్కా కాని, కాలిన గుగ్గిలాన్ని లీలగా గుర్తుచేసే ఆ వాసన, నన్ను నిలబడ్డ చోటి నుంచే నలభై ఏళ్లు వెనక్కి తీసుకుపోయింది. నా చేతిలో మూడు గడులు గీసిన కాగితం ఉంది. ఏమేం ఉన్నాయి, ధర ఎంత, చెడిపోతే ఎవరు చూస్తారు. జంపఖానాల డిజైన్లను కంప్యూటర్‌లో గళ్ల మీద గీసి మగ్గాలకు పంపడం నా పని. చదువు పదో తరగతితో ఆగినా, లెక్కలూ కంప్యూటరూ నా అంతట నేనే నేర్చుకున్నాను. వారం కిందట పాత బోర్డు పోయింది. బల్ల మీద ఇప్పుడు రెండు కొత్తవి ఉన్నాయి. ఒకదానికి మెమరీ పెట్టుకునే స్లాట్లు నాలుగు, వైఫై కూడా ఉంది, ధర రెండోదానికి ఒకటిన్నర రెట్లు. రెండోదానికి స్లాట్లు రెండే.

ఇలా గడులు గీయడం నేను మొదలుపెట్టింది ఒక రేడియో కోసం.

కాశిబుగ్గలో మా ఇల్లంటే మూడు గుంట మగ్గాలు, వాటి చుట్టూ మిగిలిన జాగాలో మేము. ఎండాకాలంలో రంగు కాగుల మీంచి లేచే ఆవిరి, గంజి పట్టించిన నూలు, బాపు బీడీ పొగ కలిసి ఒకే వాసనై గోడలకు పట్టేది. వానాకాలం వస్తే మగ్గం గుంటల్లో నీరు ఊరేది, అమ్మ చెంబుతో తోడి పోసేది. ఆ నాలుగు రోజులూ నేత ఆగితే పిల్లలం మగ్గాల కిందే కచ్చకాయలు ఆడుకునేవాళ్లం, ఎవరు ఎన్ని గెలిచారో బొగ్గుతో గోడ మీద రాసే పని నాదే. గడప పక్కన గోనె పరుచుకుని బాపు తల్లి, మా బాపమ్మ, కండెలు చుడుతూ ఉండేది. ఆమెకు చూపు పూర్తిగా పోయింది కానీ దారం తెగితే వేలికి తెలిసేది. చూపున్న రోజుల్లో సాయంత్రం నాలుగిళ్లు తిరిగి కబుర్లు మోసుకొచ్చిన మనిషి, గడప దాటడం మానేశాక మాట కూడా మానేస్తూ వచ్చింది. ఒకరోజు లెక్కపెట్టాను. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా పదకొండు మాటలు. ఆ సంగతి చెబితే బాపు చేతిలోని బీడీ ఆర్పేసి, "అవ్వ గిట్లనే ఉంటె మనకు దక్కది. రేడియో కొందాం బిడ్డా" అన్నాడు.

పిండిగిర్ని పక్కన సాయిలు మేస్త్రి రేడియోలు బాగు చేసేవాడు. ఆయన టంకం వేస్తుంటే లేచే గుగ్గిలం పొగ కోసమే నేను అక్కడ నిలబడేదాన్ని. దుకాణంలో ఉన్న రెండు రేడియోల్లో ఏది కొనాలో ముందు ఆయన్నే అడిగాం.

"చిన్నది తీస్కోండ్రి. సెడిపోతె నేనున్న. గా పెద్దదాని సామాను ఈడ దొరకది" అన్నాడు.

నేను గడులు గీసి, ఉన్న ప్రతి సదుపాయానికీ ఒక మార్కు వేశాను. పెద్దదానికి నాలుగు బ్యాండ్లు, డయల్ మీద లైటు, శబ్దం మార్చుకునే మర, భుజానికి పట్టా. బాగుచేసే మనిషి ఉండడానికి కూడా ఒక్క మార్కే. కొత్తది ఎందుకు చెడిపోతుంది? పెద్దదే గెలిచింది. చదువు రాని బాపు ఆ కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, "మా బిడ్డ లెక్క కట్టింది" అని దుకాణమంతా వినబడేలా చెప్పి దాన్నే కొన్నాడు. ఇంటికి వచ్చాక నేను గర్వంగా లైటు గురించి చెబితే బాపమ్మ నవ్వింది.

"లైటు ఎవలికే? నాకా?"

అయినా రేడియో ఆమెను పట్టుకుంది. పాట వస్తే కండె వేగం మారేది. నెల తిరగకుండానే, వానలు ముదిరిన ఒక పొద్దున అది గరగరమని ఆగిపోయింది. సాయిలు మేస్త్రి విప్పి చూసి, సామాను హైదరాబాద్ నుంచి రావాలన్నాడు. బాపు నన్ను ఒక్క మాట అనలేదు. నేను గోడ మీద రోజుకొక గీత గీయడం మొదలుపెట్టాను.

అయిదో గీత నాటి సాయంత్రం, రేడియో పెట్టే వేళకు, బాపమ్మ గొంతు సవరించుకుంది.

"ఇనుండ్రి, వార్తలు. సదువుతాంది మీ బాపమ్మ. ఎదురింటోళ్ల మేక ఇయ్యాల మళ్ల మన గంజి తాగింది. నడిమి మగ్గం కాడి పెద్దమనిషి పొద్దటి సంది ఆరు బీడీలు తాగిండు, జానెడు గుడ్డ నేసిండు."

"గది అబద్దం అవ్వా! నాలుగే!" అని గుంటలోంచి బాపు కేక వేశాడు.

"ఇగ వాతావరణం. నా ఎడమ మోకాలు గుంజుతాంది. రేపు గూడ వానే."

మర్నాటి నుంచి ఆ వేళకు పక్కిళ్లవాళ్లు కూడా వచ్చి కూర్చునేవారు. వార్తలు కావాలి కాబట్టి ఆమె పొద్దంతా దారిన పోయేవాళ్లను పిలిచి అడిగేది. నేను మాటలు లెక్కపెట్టడం మానేశాను, అవి లెక్కకు అందనన్ని అయ్యాయి.

డెబ్బై తొమ్మిదో గీత నాడు రేడియో బాగై వచ్చింది. బతుకమ్మ రోజులు. బాపు రంగు కాగుల్లో మిగిలిన నీలంలో గునుగు పూలు ముంచుతున్నాం, అమ్మ రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు కడుతోంది. అందరం సంబరపడ్డాం. ఆ సాయంత్రం పాటలయ్యాక వార్తలు చెప్పమని బాపమ్మను అడిగాను.

"అది అచ్చింది కదనే. ఇగ నాకేం పని?"

తర్వాత ఎన్నేళ్లు అడిగినా మళ్లీ చెప్పలేదు.

"చెడిపోతే ఎవలు చూస్తరు తమ్మీ?" అని కంప్యూటర్ దుకాణంలో కుర్రవాణ్ని అడిగాను.

"చూసుడు లేదక్కా, మార్సుడే. రెంటికీ మూడేండ్ల వారంటీ. హైదరాబాద్ పంపుతం, కొత్తది వస్తది."

"ఎన్ని రోజులైతది?"

"పదో, పదిహేనో."

"అప్పటిదాక?"

వాడికి నవ్వొచ్చింది. "అప్పటిదాక ఏముంటదక్కా, ఫోన్ సూస్కుంట కూసునుడే."

మూడో గడిలో రెంటికీ ఒకే మార్కు. నాకు నాలుగు స్లాట్లతో పనిలేదు కనుక రెండున్నదే తెచ్చుకున్నాను. దారిలో పిండిగిర్ని పక్కన, ఒకప్పుడు సాయిలు మేస్త్రి కూర్చున్న చోట ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ఇంటికొచ్చి బోర్డు బిగించాను, మొదటి నొక్కుకే తెర వెలిగింది. మా ఆయనా, మా అమ్మాయీ చెరో ఫోనుతో చెరో మూల ఉన్నారు. పాత అలవాటు కొద్దీ, దీపాలు పెట్టేదాకా ఇంట్లో వినబడిన మాటలు లెక్కపెట్టాను.

పదకొండు దాకా రాలేదు.