కందిపప్పు చెరిగే మధ్యాహ్నాలు

పోయిన ఆదివారం మా పక్కింటి అవ్వ చనిపోయింది. పాపకు అన్నం తినిపిస్తుంటే గోడ అవతల ఏడుపు వినిపించింది. మరునాడు చర్చివాళ్లు పాటలు పాడుతూ ఆమెను సాగనంపారు. నలుగురిలో నిలబడి మాట్లాడడం నాకు రాదు. అందుకే రాస్తున్నాను.

పెళ్లయి నారాయణఖేడ్ వచ్చిన ఏడాదే నాకు నెల తప్పింది. మా ఆయన హైదరాబాద్‌లో పనిలో ఉండేవాడు. ఇంట్లో అత్త, నేను. వాకిలి ఊడ్చేసరికే కాళ్లు పీకేవి. బిందె ఎత్తితే కళ్లు తిరిగేవి. కడుపుతో ఉన్న మనిషి పగలు పడుకుంటే కాన్పు కష్టమవుతుందని మా అత్త నమ్మకం. అందుకే నడుం వాల్చేదాన్ని కాదు.

ఒక మధ్యాహ్నం అవ్వ గోడ మీది నుంచి పిలిచింది. "ఓ వదినా, నీ కోడలిని జర తోలియ్యి. కందిపప్పు చెరిగేదుంది."

వెళ్తే చాప పరిచి ఉంది. చాట మాత్రం ఆమె చేతిలోనే ఉంది.

"పండు," అంది చాప చూపిస్తూ.

"మరి పప్పు?"

"నా చేతులకేమైందే? నువ్వు పండు."

నాకు భయమేసింది. ఊరికే ఎవరు పడుకోమంటారు? 'దాని కోడలు మా ఇంట్ల గుర్రు పెడ్తది' అని రేపు నల్లా దగ్గర చెప్పడానికేనేమో! కళ్లు సగమే మూసి ఆమెను చూస్తూ ఉన్నాను. అత్తకు వినబడేలా చాట గట్టిగా చెరుగుతోంది. మధ్యమధ్య పెదవులు కదిలిస్తోంది. మంత్రమేమోనని కడుపు మీదికి కొంగు లాక్కున్నాను.

రోజూ అదే పప్పు, చెరిగిందే చెరిగేది. బెల్లం, పల్లీలు పెడితే ముందు ఆమె తిన్నాకే నేను తినేదాన్ని.

"విషం గాదే పిల్లా! గీ అనుమానంతోనే సగం అలుస్తున్నవ్."

ఒకరోజు నా కింది రెప్ప లాగి చూసింది. "తెల్లగున్నది. రేపు దవాఖానకు నడువు, నేనొస్త." అక్కడ రక్తం తక్కువుందని మాత్రలిచ్చారు. "చాయతోని మింగకు," అని దారి పొడుగునా చెప్పింది. అప్పుడు ధైర్యం చేసి పెదవుల సంగతి అడిగాను.

"బిడ్డ కోసం ప్రార్థన జేస్తున్న. బాణామతి అనుకున్నవా ఏంది?" అని పడీపడీ నవ్వింది.

రక్తం తక్కువని చెబితే అత్త ఇంకో బుక్కెడు తినమంది. పడుకోమనలేదు.

ఏడో నెలలో ఒక మధ్యాహ్నం అవ్వ ఇంటి తలుపు తెరుచుకుంది. గుమ్మంలో అత్త. లేవబోతే అవ్వ నా భుజం నొక్కి పట్టింది.

"గిదా పప్పు చెరుగుడు?" అంది అత్త.

"గిదే. దాని ఒంట్లనే రక్తం లేకుంటె నీ మనవనికి యాడికెల్లి వస్తది? లొల్లి జెయ్యకు వదినా, పండనియ్యి."

అత్త నన్ను ఇంటికి లాక్కుపోతుందనుకున్నాను. లాక్కుపోలేదు. వాళ్లిద్దరూ ముందే మాట్లాడుకున్నారేమోనని ఇప్పటికీ నాకు అనుమానమే. అవ్వ విసనకర్ర అత్త చేతికిచ్చింది. అత్త చాప అంచున కూర్చుంది. నేను కళ్లు మూసుకున్నాను. గాలి ముందు నా పాదాలకు తగిలింది. తర్వాత మెల్లగా ముఖం దాకా వచ్చింది.