రెండో రౌండు ఎవరిది

ఆర్లిస్ కోస్కెలా నోటి సంగతి ఆ గనుల ఊళ్లో అందరికీ తెలుసు. చలికాలమంతా ఆమె రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేది. దారికడ్డంగా కారు పెట్టింది పాస్టరుగారైనా సరే, అద్దం దించి నాలుగు దులిపిగానీ ముందుకు కదిలేది కాదు. మిగిలిన గొంతు సాయంత్రం కర్లింగ్ క్లబ్బులో ఖర్చయ్యేది. మంచుగడ్డ మీద బరువైన రాయిని జార్చి, దాని ముందు చీపుర్లతో ఊడుస్తూ, అవతల గీసిన వలయం నడిమికి చేర్చే ఆట అది. రాయి వదిలి "ఊడవండే" అని ఆమె ఒక్క కేక పెడితే పక్క ఆటలోవాళ్లు కూడా చీపుర్లు అందుకునేవారు.

ఆట నేర్పింది తండ్రి. గనిలో డ్యూటీ దిగి నేరుగా క్లబ్బుకు వచ్చే ఆ మనిషి, రాయి విసరడం కంటే ఆట అయ్యాక బల్ల దగ్గర ఎలా మసలుకోవాలో నేర్పడానికే ఎక్కువ తంటాలు పడ్డాడు. మొదటి రౌండు బీరు గెలిచినవాళ్లు కొనాలి. రెండోది ఓడినవాళ్లు కొనాలి. కడుపు ఎంత మండినా మధ్యలో లేచిపోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కదిలే రాయికి చీపురు తగిలితే ఆ రాయి చెల్లదు, ఆ సంగతి తగిలించినవాళ్లే నోరు విప్పి చెప్పాలి. ఎదుటివాళ్లు వేలెత్తి చూపితే ఆ వేలికే అవమానం.

ఈ చదువంతా వంటబట్టించుకుని ఆర్లిస్ నాలుగుసార్లు రాష్ట్ర ఫైనల్ ఆడింది. అది గెలిచిన జట్టే జాతీయ పోటీలకు వెళ్తుంది. నాలుగుసార్లూ ఇన్సూరెన్సు అమ్మే జూన్ హావర్సన్ చేతిలోనే ఓడింది.

"జాతీయ పోటీలు చూడలేదని ఏడవకు. జూన్ పోయించిన బీరుతో మన పడవ తేలుతుంది" అని ఆడపడుచు డెబ్ ఏడిపించేది. డెబ్‌ది కూడా అదే జట్టు, ఓటమిలో సమాన వాటా.

ఐదో ఫైనల్ నాటికి ఆర్లిస్ మోకాలు అరిగిపోయింది. ఇదే ఆఖరి సీజను అన్నాడు డాక్టరు. "ఆ మాటేదో మోకాలికే చెప్పండి" అని ఆయన్నే దబాయించి వచ్చింది గానీ, ఇంటికొచ్చి ఆవిరిస్నానం గదిలో తలుపేసుకుని ఏడ్చింది. ఒక్కసారి జాతీయ పోటీల్లో ఆడాలి. అంతకుమించి ఆమెకు కోరిక లేదు.

ఫైనల్లో ఎదురుగా మళ్లీ జూన్ జట్టే. ఆట సమానంగా ఉంది. వలయం నడుమ ఆర్లిస్ రాయి కూర్చుంది. మిగిలింది జూన్ చేతిలోని చివరి రాయి. జూన్ గెలవాలంటే అది నడిమికి ఇంకాస్త దగ్గరగా ఆగాలి. జూన్ విసిరింది. రాయి నీరసపడుతుంటే తనే వెంట పరుగెత్తి ఊడ్చింది. వలయం వెనక నిలబడ్డ ఆర్లిస్ కళ్లముందే జూన్ చీపురు అంచు రాయికి తగిలింది. రాయి రవ్వంత వంగి, ఆర్లిస్ రాయి కంటే వేలెడు లోపలగా ఆగింది. మిగతా అందరి చూపులూ వలయం మీదే ఉన్నాయి.

జూన్ తలెత్తింది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఆర్లిస్ ఎదురుచూసింది. జూన్ గ్లోవు తీసి, చెయ్యి చాపింది.

"బాగా ఆడావు" అంది జూన్.

ఆర్లిస్ ఆ చెయ్యి పట్టుకుని ఊపింది. ఒళ్లు మండిపోతోంది, అయినా ఊపింది.

బల్ల దగ్గర రెండు జట్ల ఎనిమిదిమందీ కూర్చున్నారు. జూన్ మొదటి రౌండు తెప్పించింది. వేయించిన చేప వచ్చింది. ఆర్లిస్ చేప తింది, బీరు తాగింది, పెదవి మాత్రం విప్పలేదు.

"ఏమే, ఒంట్లో బాలేదా?" అంది డెబ్.

"బానే ఉంది."

"మరి ఎవర్నీ తిట్టవేం? మాకు భయమేస్తోంది."

అందరూ నవ్వారు, జూన్ తప్ప. ఆమె గ్లాసు అలాగే ఉంది. ఆర్లిస్ అరిస్తే తిరిగి అరవొచ్చు. కానీ ఆర్లిస్ అరవడం లేదు. చివరికి జూన్ కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"రెండోది కూడా నేనే తెస్తా."

గెలిచినవాళ్లు రెండో రౌండు కొనడం ఆ క్లబ్బులో ఎవరూ ఎరగరు. డెబ్ జూన్ మొహం చూసింది, తర్వాత ఆర్లిస్ మొహం చూసింది. ఏదో జరిగిందని అందరికీ అర్థమైంది.

"కూర్చో జూన్" అంది ఆర్లిస్. "రెండోది ఓడినవాళ్లది. ఓడింది నేను. నువ్వు గెలిచావుగా, గెలిచినదానిలా కూర్చో."

జూన్ కూర్చుంది. ఆర్లిస్ కుంటుకుంటూ వెళ్లి అందరికీ బీరు తెచ్చింది. జూన్ గ్లాసు తనే ఆమె ముందు పెట్టి, అది ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుంది.