ఇగోనీ కత్తిరించిన అంచులు

బెలెమా పేరు వింటే చాలు, ఇగోనీకి కడుపులో నిప్పులు పోసినట్టుండేది. అది దాచుకునే మనిషి కూడా కాదు. ముప్పై ఏడేళ్లుగా ఆ రేవు ఊరికి ఉన్న ఒకే ఒక ఫోటోగ్రాఫరు తను. ఎవరింటి గోడ చూసినా అతను తీసిన బొమ్మే. అలాంటిది, నత్తలేరుకునే అవోబా కూతురు, నిన్నమొన్నటి పిల్ల, పోర్ట్ హార్‌కోర్ట్ పట్నం వెళ్లి ఒక కెమెరా సంపాదించి, చమురు పడి నల్లబడ్డ పాయను నాలుగు ఫోటోలు తీసేసరికి దేశదేశాల పత్రికల్లో పేరు మోగిపోయింది.

"బురద ఫోటోకి బహుమానమేంటి? బురదని నవ్వమని బతిమాలాలా, తలగుడ్డ సర్దాలా?" అనేవాడు, వినేవాడు దొరికితే చాలు.

భార్య ఇబిసో గుమ్మంలో కూచుని బ్లేడుతో గళ్ల గుడ్డలోంచి పోగులు తీస్తూ ఉండేది. ఆ ఊరి ఆడవాళ్లు అలా పోగులు తీసేసే గుడ్డలో పువ్వులు తేలుస్తారు. ఆవిడ తలెత్తకుండానే అనేది:

"నువ్వే తియ్యకపోయావా? పాయ మన గుమ్మం ముందే ఉంది కదయ్యా."

కంపెనీ వాళ్ల చమురు గొట్టం పగిలిన రోజు ఇగోనీ రేవుకి పరుగెత్తిన మాట నిజమే. కానీ కెమెరా కోసం కాదు, ఫోటోలకి వెనక కట్టే తన బొమ్మల తెరకి మరకలంటకుండా చుట్టుకు రావడానికి. 

ఆ తెర అంటే అతనికి ప్రాణం. కుర్రతనంలో మూడు నెలలు కూచుని గీశాడు. పాలరాతి మెట్లు, నీళ్లు చిమ్మే ఫౌంటెను, రెండు హంసలు. స్టూడియో చీకటి కొట్టు కాబట్టి, వెలుతురు కోసం తెరని రేవులో రెండు వెదుళ్లకి కట్టేవాడు. ఈడేరి, పగడాలు పెట్టుకుని ఇరియా వేడుక చేసుకున్న ప్రతి ఆడపిల్లా ఆ మెట్ల ముందు నిలబడాల్సిందే. చిక్కేమిటంటే తెర వెడల్పు చాలదు. దానికి అటూ ఇటూ మడచెట్లు, దోనెలు, ఎండబెట్టిన చేపలు, అన్నీ ఫిల్ములో పడేవి. ప్రింటు వేశాక అంచులు కోసి పారేసేవాడు. "మా ఆడాళ్లు గుడ్డకి చేసేదే నేను కాయితానికి చేస్తున్నా. అక్కర్లేనిది తీసేస్తేనే అందం" అనేవాడు.

అన్నిటికంటే తలనొప్పి అవోబాతో. సరిగ్గా అతను కెమెరా బిగించే వేళకే ఆవిడ బుట్ట పట్టుకుని మడచెట్ల కింద వంగేది. 

"ఓ అవోబా, తప్పుకోవమ్మా, నీ బుట్ట పడుతోంది" అని అరిచేవాడు. ఆవిడ నవ్వుతూ రెండడుగులు పక్కకి జరిగేది. అయినా పడేది. 

అవోబా పోయిన నాలుగేళ్లకి, ఒక శుక్రవారం మధ్యాహ్నం, బెలెమా అతని స్టూడియో మెట్లెక్కింది.

"బాబాయ్, సోమవారం కోర్టులో చమురు కంపెనీ మీద మన ఊరి కేసు విచారణ. ఆ పాయ ఎప్పుడూ చచ్చిందే, అక్కడ మడలే లేవు అంటున్నాడు కంపెనీ వకీలు. నా దగ్గరున్నవన్నీ చమురు పడ్డాక తీసినవి. ముందటివి మీ దగ్గరే ఉన్నాయి."

"నా దగ్గర ఆడపిల్లలున్నారు. పాయలు లేవు."

"పక్కన ఉంటుంది బాబాయ్. తెరకి అటూ ఇటూ. మీరు కోసేసే భాగం. నెగెటివుల్లో అది అలాగే ఉంటుంది కదా."

ఇగోనీ మొహం కందగడ్డయింది. ముప్పై ఏడేళ్ల పనితనంలో ఈ పిల్లకి కావలసింది అతను చెత్తబుట్టలో వేసిందా? మెట్లు అక్కర్లేదు, హంసలు అక్కర్లేదు. 

"అవన్నీ చెమ్మకి పాడైపోయాయి. వెళ్లిరా" అన్నాడు. పచ్చి అబద్ధం. డబ్బాలన్నీ వెనకగదిలో భద్రంగా ఉన్నాయి.

ఆ పిల్ల వెళ్లిపోయాక మనసు కుదురుగా లేదు. ఇస్తే కోర్టులో దాని పేరే మోగుతుంది, ఇవ్వకపోతే ఊరు ఓడుతుంది. ఏట్లో పారేస్తే పీడా విరగడవుతుందని ఒక డబ్బా దించాడు. పారేసే ముందు తన పనితనం ఒక్కసారి చూసుకుందామని ఫిల్మును కిటికీ వెలుతురుకి పట్టి భూతద్దం పెట్టాడు. 

మెట్లు చూశాడు. హంసలు చూశాడు. ఆనక, జీవితంలో మొదటిసారి, అంచు చూశాడు. మడచెట్ల వేళ్లు నీళ్లలోకి దిగి ఉన్నాయి. పిల్లలు పీతలు పడుతున్నారు. ఒక మూల అవోబా. పక్క దాంట్లోనూ అవోబా. ఒక దాంట్లో వంగినదల్లా తల తిప్పి సూటిగా అతనికేసి చూసి నవ్వుతోంది. ఇబిసో కర్రపెండలం ముద్ద, నత్తల పులుసు పెట్టి పిలిచినా లేవలేదు. 

మర్నాడు పొద్దున్నే డబ్బాలు మోసుకుని బెలెమా ఇంటికెళ్లాడు. 

"చెమ్మ పట్టలేదా బాబాయ్?"

"ఎగతాళి చాలు. కింద నా పేరుండాలి. పెద్ద అక్షరాలతో."

"మీ పేరొక్కటే ఉంటుంది. ఇవి నావి కావుగా."

ఆ పిల్ల ఒక ఫిల్ము వెలుతురుకి పట్టుకుంది. చాలాసేపు చూసింది. 

"నేను తీసిందంతా శవాన్నే. ఇంత పచ్చటి మడ ఒక్కసారైనా నా కెమెరాకి దొరకలేదు. మిమ్మల్ని చూస్తే కుళ్లు పుడుతోంది బాబాయ్, నిజం."

ఆ మాట కోసం ఇగోనీ ఎన్నేళ్లు ఎదురుచూశాడో. తీరా వచ్చేసరికి నోట్లో తీపి లేదు. తరవాతి ఫిల్ములో ఏముందో అతనికి తెలుసు. 

బెలెమా దాన్నీ ఎత్తి పట్టింది. "అమ్మ" అంది. దాన్ని వెలుతురుకి ఇంకా దగ్గరగా జరిపి, "మా ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటీ లేదు" అంది.

"నేనే తప్పుకోమని అరిచేవాణ్ణి."

"తెలుసు. ఇంటికొచ్చి సంబరంగా చెప్పేది, ఇవాళ ఇగోనీ ఫోటోలో పడ్డానే అని. డబ్బులిచ్చి తీయించుకోలేను కదా, ఇలా పడితే చాలు అనేది. ఆయన కోసేస్తాడే అమ్మా అంటే నమ్మేది కాదు."

ఇగోనీ ఫిల్ములన్నీ తిరిగి డబ్బాల్లో సర్ది, ప్రింటు వెయ్యడానికి స్టూడియోకి మోసుకొచ్చాడు.

ఆదివారమంతా స్టూడియో తలుపులు మూసుకుని, కోర్టు కోసం ఒక్కో ఫిల్మునీ అంచులతో సహా ప్రింటు వేశాడు. ఆఖర్న అవోబా నవ్వుతున్న దాన్ని విడిగా, పెద్దదిగా వేసి బ్లేడు తీశాడు. చెయ్యి అలవాటుగా అంచుకే పోయింది. ఆపుకుని, కాయితాన్ని తిప్పి, పాలరాతి మెట్లనీ, ఫౌంటెన్నీ, రెండు హంసల్నీ, పగడాల పిల్లనీ కోసేశాడు. ఆ ముక్క బుట్టలో పడింది.

చేతిలో మిగిలినదాని వెనక, ఎప్పట్లాగే, బొమ్మలో ఉన్న మనిషి పేరు రాశాడు. అవోబా. తన పేరు దాని కింద చిన్నగా రాశాడు.