తడిసిన చెట్టు, అడగని మాట

వాన పడే రాత్రి నాకు నిద్ర పట్టదు. ఐర్లండ్‌లో ఉండే మనిషి ఈ మాట అంటే అసలు నిద్రే పోదని అర్థం. పాప ఎప్పుడో పడుకుంది. బాబు ఇప్పుడే పాలు తాగి కళ్ళు మూశాడు. బావ హాల్లో రేడియేటర్ మీద తన పట్టీలు ఆరేసి, వాటిని కదిలించొద్దని చెప్పి మరీ పడుకున్నాడు. భుజాలకు, నడుముకు, తొడలకు బిగించుకునే ఆ పట్టీల అల్లికను హార్నెస్ అంటారు. చీకట్లో చూస్తే లోపల ఒంటిని ఎవరో తీసేసిన మనిషిలా వేలాడుతుంది. దానివైపు వీపు పెట్టి కూర్చుని రాస్తున్నాను.

బావ అంటే నా భర్త, మా మేనత్త కొడుకు. నాకు నాన్నవైపు తాత, అతనికి అమ్మవైపు తాత ఒకరే. ఆ తాత నల్గొండ వైపు పల్లెలో తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. చెట్టు మీద నుంచి పడి చనిపోయాడు. ఈ సంగతి ముందే చెప్పకపోతే నేను రాసేదంతా ఉత్త పిరికితనంగా కనిపిస్తుంది.

అప్పుడు నేను బడికి కొత్తగా వెళ్తున్న వయసులో ఉన్నాను. రాత్రంతా కురిసి తెల్లారేసరికి తెరిపి ఇచ్చింది. తాత మోకు భుజాన వేసుకుని వెళ్ళాడు. చెట్టునూ మనిషినీ కలిపి చుట్టే లావుపాటి తాడు అది. ఎండుచెట్టుకు అది ఎలా పట్టేదో నాకు తెలియదుగానీ, తడిచెట్టుకు ఆ రోజు పట్టలేదు. మధ్యాహ్నానికి మంచం మీద మోసుకొచ్చారు. నాయనమ్మ వానను తిట్టలేదు, చెట్టును తిట్టలేదు. "తొవ్వల నిలవెట్టి యాడికి వోతున్నవని అడిగిందట ఆ మొకంది. మంచిగ పోయేటోన్ని అడిగి సంపింది" అని మూడిళ్ళ అవతల ఉండే ఆమెను తిట్టింది. చనిపోయేదాకా ఆమెతో మాట్లాడలేదు.

బయలుదేరే మనిషిని ఎక్కడికి అని అడగకూడదని చాలా ఇళ్ళల్లో అంటారు. అడిగితే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్తే సరిపోతుందనీ అంటారు. మా ఇంట్లో మాత్రం తాత పోయాక ఆ సర్దుబాటు కూడా లేకుండా పోయింది. అడగరు, అంతే. మా నాన్న ఊరు దాటి వెళ్తున్నా ఎవరూ అడగలేదు. నేను విమానం ఎక్కేటప్పుడు కూడా ఎవరూ ఆ మాట నోట అనలేదు. టికెట్ మీద ఉన్నదే చదువుకున్నారు.

డబ్లిన్ దక్షిణాన, చెర్రీవుడ్‌లో మా అపార్ట్‌మెంట్ కిటికీ నుంచి విక్లో కొండలు కనిపిస్తాయి. ఆ కొండల్లో జింకలు ఎక్కువ. రైతులు నాటిన మొక్కల్ని బతకనివ్వవు. లైసెన్స్ ఉన్నవాళ్ళు, రైతు అనుమతితో, సీజన్‌లో వేటాడవచ్చు. బావ ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక ఐరిష్ పెద్దాయన ఒకసారి తోడు తీసుకెళ్ళాడు. తిరిగొచ్చిన బావ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. వారమంతా స్క్రీన్ ముందు వాడిపోయే మనిషి, పొద్దున్నే మంచులో కూర్చుని వచ్చి అన్నం మూడుసార్లు పెట్టించుకున్నాడు. తరవాత కోర్సు, పరీక్ష, లైసెన్సు అన్నీ అయ్యాయి. తుపాకీకి ఇనుప పెట్టె కొన్నాడు. పడకగది గోడకున్న ప్రెస్‌లో దాన్ని బోల్టులతో బిగించారు. ఇక్కడ గోడ అలమారను ప్రెస్ అంటారు. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చి చూసి వెళ్ళారు.

ఇక్కడ వేటగాళ్ళు ఎక్కువగా చెక్కతో కట్టిన ఎత్తైన కుర్చీల్లో కూర్చుంటారు. పెద్దాయన దగ్గర అమెరికా రకం ఒకటి ఉంది. రెండు అల్యూమినియం ముక్కలు. పైది కూర్చోవడానికి, కిందిది కాళ్ళకు. రెండూ చెట్టును తీగతో చుట్టి పట్టుకుంటాయి. పైముక్క మీద బరువు వేసి కిందిదాన్ని పాదాలతో ఎత్తాలి, నిలబడి పైదాన్ని జరపాలి. గొంగళిపురుగులా చెట్టు పైకి పాకుతారు. పెద్దాయన పెరట్లో బావ మొదటిసారి ఎక్కుతుంటే కింద నిలబడి చూశాను. నడుము దగ్గర ఒక పట్టు, కాళ్ళ దగ్గర ఒక పట్టు. ఒకటి వదిలి ఒకటి. తాత ఎక్కినట్టే.

"ఎంటెక్ చేసినవ్, ఈడికొచ్చి ఎమ్మెస్ చేసినవ్, ఆకర్కి చెట్టే ఎక్కుతున్నవ్ గద బావా" అన్నాను, భయం కనిపించకుండా.

"మరి రక్తం ఊకుంటదా?"

"తాతకు కల్లు లొట్టి నిండేది. నీకు ఇప్పటిదాక జింక తోక గూడ దొర్కలే."

"దొర్కినంక కూర అడుగుతవ్ గద, అప్పుడు జెప్త నీ సంగతి."

పెద్దాయన మా మాటలు అర్థం కాకపోయినా నవ్వాడు. ఆ తరవాత వాన గురించి చాలాసేపు చెప్పాడు. తడిసినప్పుడు నున్నటి బెరడు చెట్టు ఎక్కొద్దు, అలాంటి బెరడే ఉండే బీచ్ అనే చెట్టు జోలికి అసలు పోవద్దు, పచ్చగా పాచి కనబడితే వేరే చెట్టు చూసుకోమన్నాడు. పైన్ గరుకుగా ఉంటుంది, పట్టు దొరుకుతుంది. హార్నెస్ తాడు నేల మీద ఉన్నప్పుడే చెట్టుకు కట్టాలి, మళ్ళీ నేల మీదికి వచ్చేదాకా విప్పకూడదు. తుపాకీ ఖాళీ చేసి కింద తాడుకు కట్టి, పైకెక్కాక లాక్కోవాలి. ఫోను ఒంటి మీద ఉండాలి, సంచిలో కాదు. రెండు ముక్కలనూ తాడుతో కలిపి కట్టాలి. "లేకపోతే కిందిది జారిపోతే నువ్వు పైనే మిగిలిపోతావు." చివరికి నావైపు తిరిగి, "ఏ అడవికి వెళ్తున్నాడో నీకు చెప్పాలి. చెప్పకపోతే నువ్వు అడుగు" అన్నాడు. తల ఊపాను. పెద్దవాళ్ళు చెప్తే తల ఊపడం మనకు అలవాటు.

నవంబరులో ఒక శనివారం. రాత్రి కురిసిన వాన తెల్లవారుజామున తగ్గింది. నేను బాబును ఒళ్ళో వేసుకుని సోఫాలో ఉన్నాను. బావ బూట్లు చేత పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, "పోయొస్త" అన్నాడు. నేను "ఊఁ" అన్నాను. అంతే. అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మా ఇద్దరికీ అది లోటుగా తోచలేదు. అదే మర్యాద, అదే జాగ్రత్త. తలుపు మూసుకుంది.

మామూలుగా పదకొండు లోపు వచ్చేస్తాడు. రాలేదు. మళ్ళీ వాన మొదలైంది. అడ్డంగా, గాలితో. పన్నెండుకు ఫోన్ చేస్తే మోగనే లేదు. ఆ లోయల్లో సిగ్నల్ ఉండదని తెలుసు కాబట్టి ఇంకోసారి చేశాను. ఇంకోసారి. పాప బొమ్మలు పరుచుకుని కూర్చుని, "డాడీ ఈజ్ ఫియర్స్ లేట్, సో హీ ఈజ్" అంది, డాడీకి బాగా ఆలస్యమైందని, ఇక్కడి పిల్లల యాసలో. అన్నం తినమ్మా అంటే, "ఐ యామ్ గ్రాండ్, అమ్మా" అంది. ఇక్కడ గ్రాండ్ అంటే బాగానే ఉన్నానని. నాకు ఆ పిల్ల గొంతు దూరంగా ఎక్కడి నుంచో వినిపించింది.

పెద్దాయనకు ఫోన్ చేశాను.

"ఏ అడవికి వెళ్ళాడు?"

బావకు మూడు చోట్ల అనుమతి ఉంది. కొండకు ఒక వైపు ఒకటి, ఇంకోవైపు రెండు. ఒకదాని నుంచి ఒకదానికి వంకర దారులు.

"తెలియదు" అన్నాను.

"పొద్దున ఏమన్నాడు?"

"వెళ్ళొస్తా అన్నాడు."

అవతల కారు తాళాల శబ్దం వినిపించింది. "నేను దగ్గరిదానితో మొదలుపెడతాను. నువ్వు గార్డులకు చెప్పు."

గార్డుల స్టేషన్లో ఫోన్ ఎత్తినతను చాలా మెత్తగా మాట్లాడాడు. కారు రంగు, నంబరు, వయసు అడిగాడు. ఎక్కడికి అని అడిగాడు. నాకు తెలియదని చెప్పాను.

"అతను చెప్పలేదు, మీరు అడగలేదు, అంతేనా?"

"అంతే."

"పొద్దున మీ ఇద్దరి మధ్య ఏదైనా గొడవ జరిగిందా అమ్మా?"

లేదన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. తన భర్త తుపాకీ తీసుకుని ఎక్కడికి వెళ్ళాడో తెలియని భార్య గురించి అతను ఇంకేమనుకుంటాడు? "మా వైపు అలా అడగరండీ, అడిగితే మంచిది కాదు" అని ఇంగ్లీషులో చెప్పబోయాను. మాట సగంలోనే, వంటింటి వెలుతురులో, పెద్ద చదువు చదివిన నా నోటి నుంచి, అది ఎంత చిన్నగా వచ్చిందంటే ఆపేశాను. అతను మాత్రం ఎగతాళి చేయలేదు. ఒక కారును పంపిస్తామన్నాడు.

ఆ తరవాత చేయడానికి ఏమీ లేదు. బాబుకు పాలిచ్చాను. కిటికీ దగ్గర నిలబడ్డాను. కొండలు లేవు. మబ్బు మొత్తం మింగేసింది. అంత తెల్లదనంలో నాకు కనబడింది ఒక తాటిచెట్టు, నల్లగా, తడిసి. దాని మీద ఎవరున్నారో ముఖం తెలియడం లేదు. తాత అనుకుంటే బావ బూట్లు. బావ అనుకుంటే తాత పాదాలు.

పెద్దాయన ఫోన్ వచ్చేసరికి వీధిదీపాలు వెలిగే వేళ దగ్గరపడింది.

"దొరికాడు. చలిలో గడ్డకట్టి ఉన్నాడు, కోపంగా ఉన్నాడు. అంటే గ్రాండ్ అన్నమాట."

నేను వంటింటి నేల మీద కూర్చుండిపోయాను. పాప వచ్చి నా తల మీద చెయ్యి వేసింది.

కథ అంతా తరవాత తెలిసింది. మూడో అడవిలో ఉన్నాడు. ముక్కలు పైకి జరగడానికి కొమ్మలు లేని చెట్టు కావాలని బీచ్ చెట్టునే ఎంచుకున్నాడు. చేతులు చలికి వంగక, తడి తాడు ముడి పడక, రెండు ముక్కలనూ కలిపి కట్టలేదు. ఎక్కితే చెమట పడుతుందని కోటు విప్పి కింద సంచి మీద పెట్టాడు. ఫోను కోటులో ఉంది. కావలసిన ఎత్తుకు చేరబోతుండగా పాచి మీద కిందిముక్క జారింది. పాదాల్లోంచి ఊడి నేల మీద పడింది. అతను పడలేదు. హార్నెస్ చెట్టుకు కట్టే ఉంది. కాసేపు గాలిలో వేలాడి, పైముక్కను పట్టుకుని ఎలాగో దాని మీదికి చేరాడు. దిగే దారి లేదు. పట్టీలు తొడల్ని కోస్తుంటే కాళ్ళు తిమ్మిరెక్కకుండా ఆడిస్తూ, చెట్టును కౌగిలించుకుని, ఒక్క స్వెట్టర్ మీద, ఆ వానంతా తాగాడు. చివరికి పెద్దాయన చూసి చెబితే, ఆ అడవి రైతు తన కొట్టంలోంచి నిచ్చెన తెచ్చాక దిగాడు.

ఇంటికొచ్చాక వేడినీళ్ళ కింద చాలాసేపు నిలబడ్డాడు. తొడల మీద పట్టీల గుర్తులు నల్లగా ఉన్నాయి. నేను సాంబారు వేడిచేసి పెట్టి, ఎదురుగా కూర్చున్నాను.

"అరిచినవా?"

"అరిచిన. ఎవలింటరు ఆడ? జింక ఒక్కటొచ్చి చూసి పోయింది."

"నవ్వకు బావా."

"నవ్వుతలేను. నిజంగనే వచ్చింది. కిందకెల్లి తలకాయెత్తి చూసింది."

కొంచెంసేపు తిన్నాడు. తరవాత తల ఎత్తకుండా, "నువ్వు ఎట్లన్న పంపిస్తవు ఎవలనన్న అనుకున్న. మళ్ల యాదికొచ్చింది, యాడున్ననో నీకు తెల్వదని. గప్పుడు భయమైంది. జారినప్పుడు గూడ గంత భయం గాలే" అన్నాడు.

నేను ఇక వద్దు అన్నాను. ఏడ్చాను. పిల్లల మీద ఒట్టు వేయించుకోబోయాను. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చాలా వారాలు ఆ మాట మా మధ్య కదల్లేదు. రాత్రిళ్ళు అతను నిద్రలో కాళ్ళు ఆడించేవాడు, ఏదో అందుకోబోయినట్టు. ఒక రోజు నేనే లేపాను. చెమటతో లేచి కూర్చుని, "మళ్ల ఒక్కసారి ఎక్కి, మంచిగ దిగకపోతే, నేను ఆ చెట్టు మీదనే ఉంటనే" అన్నాడు.

జనవరిలో మొదటిసారి మళ్ళీ బయలుదేరాడు. కోటు వేసుకునే ఉన్నాడు, ఫోను ఛాతీ జేబులో. గుమ్మం దగ్గర ఆగాడు. నాకు తెలుసు, అతనూ చెప్పలేకపోతున్నాడని. అడగకుండా చెప్పేస్తే సరిపోయేది, కానీ ఆ మాట మా నోళ్ళల్లో ఎప్పుడూ లేదు. నాయనమ్మ ముఖం నా కళ్ళ ముందుకు వచ్చింది. నేను తలుపు పట్టుకుని, "యాడికి?" అన్నాను.

అతను ఉలిక్కిపడ్డాడు. నా ముఖంలోకి చూశాడు. తరవాత సంచి దించి, లోపలికి వచ్చి, చెప్పులు పెట్టే బల్ల మీద కూర్చున్నాడు. నేను నీళ్ళు తెచ్చాను. గటగటా తాగాడు. అడవి పేరు చెప్పాడు, రైతు గేటు చెప్పాడు, గేటు నుంచి ఎడమకు వాగు దాటాక పెద్ద పైన్ చెట్టు అన్నాడు. గ్లాసు నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

ఆ రోజు క్షేమంగానే వచ్చాడు. అడిగాను కాబట్టి నాకు మనశ్శాంతి దొరికిందని రాయాలనుంది, కానీ దొరకలేదు. ఇదివరకు అతను వెళ్ళాక నా భయం ఎటు వెళ్ళాలో తెలియక ఇంట్లోనే తిరిగేది. ఇప్పుడు దానికి దారి తెలుసు. గేటు తెరుచుకుని, వాగు దాటి, నేరుగా ఆ చెట్టు కిందికి వెళ్ళి, తల ఎత్తి నిలబడుతుంది.

రేపు తెల్లవారుజామున మళ్ళీ వెళ్తాడు. వాన తగ్గేలా లేదు. గాలి పెరిగితే వెళ్ళనన్నాడు, ఆ మాట నిలబెట్టుకుంటాడనే అనుకుంటున్నాను. గ్లాసులో నీళ్ళు పోసి, మూత పెట్టి, బల్ల మీద ఉంచాను.