మూగ కడియం రాసిన సుభద్ర

నిన్న పొద్దున రజియా మెసేజ్ పెట్టింది. "సుభద్ర పోయింది మే."

మూడు సార్లు చదివాను. కాఫీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది.

మా ఆయన "ఎవరు సుభద్ర?" అని అడిగాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆ పేరు ఆయనకు ఒక్కసారి కూడా సరిగ్గా చెప్పలేదని అప్పుడు తెలిసింది.

అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నంద్యాలలో డిగ్రీ చదివేటప్పుడు మేం ముగ్గురం ఒక మిద్దె గదిలో అద్దెకు ఉండేవాళ్లం. సుభద్రది అహోబిలం, వాళ్ల నాయన గుడిలో అర్చకుడు. రజియాది సున్నిపెంట, డ్యామ్ క్వార్టర్స్. నాది ఆళ్లగడ్డ, మాకు బట్టల కొట్టు.

రజియా వాళ్ల మామ గల్ఫ్ నుంచి ఒక ఇంగ్లిష్ పుస్తకం తెచ్చాడు. అందులో ఒక ఆట. బోర్డు లేదు, పేకముక్కలు లేవు. ఒకరు కథ చెప్తారు, మిగిలినవాళ్లు అందులో మనుషులుగా మారి "నేను ఇది చేస్తా" అంటారు. జరుగుతుందో లేదో పాచికలు తేలుస్తాయి.

ఇప్పటి పిల్లలు రోల్ ప్లేయింగ్ గేమ్ అంటున్నది అదే.

ఆ పుస్తకంలో చెప్పిన పాచికలు నంద్యాలలో దొరకలేదు. గవ్వలు వేసేవాళ్లం.

కథ చెప్పేది ఎప్పుడూ సుభద్రే. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక చాప మీద మా ఇద్దరికీ ఎదురుగా కూర్చునేది. గుహలు, రాక్షసులు, మాయ వస్తువులు. ఒక్కో వస్తువు వివరం పాత పెళ్లి శుభలేఖ వెనక రాసి, ముక్కలుగా కత్తిరించి పెట్టుకునేది.

అలా ఒక రోజు నా చేతికి వచ్చిన ముక్క మూగ కడియం.

అది వేసుకుంటే బాణం తగలదు, పులి పంజా తగలదు. ఆశపడి వేసుకున్నాను.

శాపం తర్వాత చెప్పింది. వేసుకున్న మనిషి మాట తోటివాళ్లకు వినపడదు. తనంతట తాను తీసుకోలేదు. ఎలా ఊడుతుందో రాసిన ఇంకో ముక్క సుభద్ర తన దగ్గరే ఉంచుకుంది.

మొదటి ఆదివారం నవ్వుకున్నాం. కథలో వంతెన తెగుతుందని నేను అరుస్తుంటే, రజియా విననట్టే నడిచి నీళ్లలో పడింది.

రెండో ఆదివారం నవ్వు తగ్గింది.

మూడో ఆదివారం వాళ్లిద్దరూ ఆడుతున్నారు, నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను. మాట్లాడినా లాభం లేదు కాబట్టి మాట్లాడటం మానేశాను. ఆటే అని తెలుసు.

అయినా గవ్వలు విసిరికొట్టాను. "నేనిక ఆడను. నేనుండేదీ లేందీ ఒకటే అయిపాయ ఈడ."

సుభద్ర మెల్లగా రెండో ముక్క తీసి చూపించింది. పక్కనున్న మనిషి ఎవరూ చెప్పకుండానే "నీకేమైంది" అని అడిగితే కడియం ఊడిపోతుంది.

"అంతేనా? తెలిసుంటే ఎప్పుడో అడిగేదాన్ని," అంది రజియా.

"తెలిసినాక అడిగితే లెక్కలేదు," అంది సుభద్ర.

"ఇట్లాంటిది నీకెట్ల తోచింది మే?" అన్నాను, ఇంకా కోపంగానే.

నా ముఖం వంకే చూస్తూ చెప్పింది.

"నాకు సరిగ్గా వినపడదు. ఇంటర్ నుంచి తగ్గిపోతాండాది. మీ నోరు చూసి తెలుసుకుంటాండా."

రజియా చాప మీద ముందుకు జరిగింది.

"ఇంట్లో చెప్పలేదా?"

"చెప్తే నాయన చదువు మాన్పిస్తాడు. మీరన్నా అడుగుతారని చూస్తాండా."

రెండేళ్లు ఒకే గదిలో పడుకున్నాం. వెనక నుంచి పిలిస్తే పలకకపోతే పొగరు అనుకున్నాం. ఎప్పుడూ తనే ఎందుకు కథ చెప్తుందో ఆలోచించలేదు. చెప్పేవాళ్లకు వినే పని తక్కువ.

మర్నాడే చెవుల డాక్టర్ దగ్గరికి ముగ్గురం వెళ్లాం. నరం దెబ్బతింది, మందుల్లేవు అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడవునా రజియా సుభద్ర చెయ్యి వదల్లేదు.

సుభద్ర డిగ్రీ పూర్తిచేసింది. వినపడదని తెలిశాక పెళ్లి సంబంధాలు రాలేదు. ఆళ్లగడ్డలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనిలో చేరి, ఒక్కతే ఉండిపోయింది.

నేను పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చేశాను. ఆట మాత్రం ఉత్తరాల్లో నడిచింది. అది కథ రాసేది, నేను ఇంట్లో గవ్వలు వేసి జవాబు రాసేదాన్ని.

తర్వాత మా ఇంటికి ఫోన్ వచ్చింది. రజియాతో మాటలు ఫోన్లోకి మారాయి. సుభద్రకు ఫోన్ చెయ్యలేం. ఉత్తరం రాయడానికి నాకు తీరిక లేదు.

తీరిక లేదనేది అబద్ధం. ఇప్పుడైనా ఒప్పుకుంటాను.

దాని చివరి ఉత్తరం ఇంకా నా బీరువాలో ఉంది. "అడవి దాటినావు. ముందర మూడు ఇండ్లుండాయి. ఎవరి తలుపు కొడతావు?"

జవాబు రాయలేదు.

నిన్న ఆళ్లగడ్డ వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. తలుపు దగ్గరికి వేసి ఉంది. పక్కన స్విచ్ కనపడితే నొక్కాను. చప్పుడేమీ రాలేదు. మళ్లీ నొక్కాను.

సుభద్ర తమ్ముడి కొడుకు తలుపు తీశాడు. "అత్తను అప్పుడే తీస్కపోయినారమ్మా."

అతని వెనక గోడ మీద ఒక ఎర్ర బల్బు వెలుగుతోంది. ఎవరైనా వస్తే తెలియడానికి పెట్టించుకుందట. నా వేలు ఇంకా స్విచ్ మీదే ఉంది.

"ఎక్కువ మంది వచ్చేవాళ్లా?" అని అడిగాను.

"పాలాయన వస్తాండె," అన్నాడు.

సుభద్రా, నీ తలుపే కొట్టాల్సింది. ఆలస్యంగా వచ్చాను.

నీ మనసుకు ఇక ఏ ఎదురుచూపూ లేకుండా ఉండాలి. పోయిరా మే.