తాళం వేసింది దేవుడు కాదు

సార్ పోయారన్న వార్త మా చర్చి సంఘపెద్ద పంపిన వాట్సాప్ మెసేజ్‌లో తెలిసింది. పీర్జాదిగూడలో నేను పనిచేసే జూనియర్ కాలేజీలో అప్పుడే హాజరు తీసుకోవడం ముగించాను. "మహా తత్వవేత్త, దైవజనుడు, నిరాడంబరుడు, మన సంఘానికి మకుటం వంటి వారు ప్రభువు పిలుపు అందుకున్నారు" అని ఉంది. చివర పావురం, కొవ్వొత్తి, జోడించిన చేతులు. కింద సార్ ఫోటో. ఫోటో అంచున ఇంకొకరి సూటు భుజం కనిపిస్తోంది. అది పంపినాయన భుజమే. తనను పూర్తిగా కత్తిరించుకోవడానికి చేతులు రాలేదు కాబోలు.

ఆ సాయంత్రానికి గ్రూపు నిండిపోయింది. బతికుండగా ఆయన ఇంటి గుమ్మం ఎక్కనివాళ్ళు ఆయన తమకెంత దగ్గరో రాసుకున్నారు. ఆయన పుస్తకం ఒక్కటీ తెరవనివాళ్ళు ఆయన రచనలు తమ జీవితాన్ని మార్చాయన్నారు. ఏ విధంగా మార్చాయో ఒక్కరూ రాయలేదు. అడిగితే పాపం ఇబ్బంది పడేవారు. అసలు సంగతి తెలిసినవాళ్ళలో నేనొకదాన్ని కాబట్టి, అది ఇక్కడ రాస్తున్నాను.

సార్ మెదక్ దగ్గరి పల్లె నుంచి వచ్చి, నాచారం వైపు ఉన్న ఒక క్రైస్తవ డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పారు. బాధ గురించి, ప్రార్థన గురించి, మనస్సాక్షి గురించి చిన్న చిన్న పుస్తకాలు రాశారు. మౌలాలి రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చి నేను ఆయన దగ్గర బీఏ చదివాను. ఆయనకో అలవాటు ఉండేది. ఎవరైనా నిజంగా తెలుసుకోవాలని ప్రశ్న అడిగితే, బోర్డు వదిలి వచ్చి వాళ్ళ బెంచీ మీద పక్కన కూర్చునేవారు. వెంటనే జవాబు చెప్పేవారు కాదు. క్లాసంతా ఎదురుచూసేది. పరీక్షకు వస్తుందా అని అడిగితే మాత్రం నిలబడే "రాదు" అనేవారు. రాసే విషయంలో ఆయన నాకు చెప్పింది ఒక్కటే: "విశేషణం కనబడితే దాని జేబులు తడమాలె బిడ్డా. ఏదో దాచుకోని వస్తది." సంఘపెద్ద మెసేజ్ చదువుతుంటే ఆ మాటే గుర్తొచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక, మందిరం వెనక రేకుల షెడ్డులో ఆయన ఒక క్లాసు నడిపేవారు. ఎవరైనా రావచ్చు, ఏదైనా అడగవచ్చు. రైల్వే వాళ్ళు, కాలేజీ పిల్లలు, మల్లాపూర్ కంపెనీల్లో పనిచేసేవాళ్ళు వచ్చి చాపల మీద కూర్చునేవాళ్ళం. అక్కడికి ఏసోబు అనే అతను వచ్చేవాడు. నల్లగొండ వైపు మనిషి. మా సంఘపెద్ద సొంత పెయింటు కంపెనీలో పని. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. చాలా వారాలు నోరు విప్పలేదు. ఒకరోజు చెయ్యెత్తి అడిగాడు.

"సార్, లోపల మనుషులు పని జేస్తుండంగ బయట నుంచి తాళం ఏసేటోడు, ఆదివారం వచ్చి ప్రార్థన జేస్తే దేవుడు ఇంటడా?"

సార్ వెళ్ళి చాప మీద అతని పక్కన కూర్చున్నారు.

"ప్రార్థన సంగతి తర్వాత సూద్దాం. తాళం ఎక్కడ ఏస్తున్నరు?"

"మా కంపెనీలనే సార్. వెనక తలుపుకు. చాయ్‌కి పోతున్నమని."

"లోపల ఏం ఉంటయి?"

"థిన్నర్ డ్రమ్ములు సార్. అగ్గి సోకితే భగ్గుమంటయి."

క్లాసు అక్కడితో ఆపి సార్ హబ్సిగూడలో సంఘపెద్ద ఇంటికి బయలుదేరారు. నేను బస్సుకు పోవాల్సిందాన్ని, ఆయన వెంట నడిచాను. సంఘపెద్ద అప్పుడే భోజనం చేసి సోఫాలో ఉన్నాడు. గోడకు పెద్ద వాక్యం పటం, దాని కింద పెద్ద టీవీ. సార్ చెప్పిందంతా చిరునవ్వుతో విన్నాడు. మర్యాద తెలిసిన మనిషి. ఆయన మర్యాదంత నునుపైన వస్తువు నేను ఇంకొకటి చూడలేదు.

"మీరు పుస్తకాలల్ల ఉండే మనిషి సార్. చాయ్ అని పోతరు, గంటకు గాని రారు. మాలు కూడ పోతున్నది ఆ తలుపుల నుంచి."

"లోపల డ్రమ్ములున్నయట గద అన్నా."

"పెయింట్ కంపెనీల థిన్నర్ గాక మజ్జిగ ఉంటదా?" అని తన మాటకు తానే నవ్వాడు. "సరే, మీరు ఇంతగనం వచ్చి అడిగిన్రు కాబట్టి తీపిస్త. వచ్చే వారం."

వచ్చే వారం తియ్యలేదు. ఆ పై వారం కూడా తియ్యలేదు. సార్ మందిరం మెట్ల మీద మళ్ళీ అడిగితే "అయిపోయింది సార్, అయిపోయినట్టే" అన్నాడు. ఆ ఎండాకాలంలోనే ఒక మధ్యాహ్నం మంట లేచింది. ముందు వైపు ఉన్నవాళ్ళు బయటపడ్డారు. వెనక డ్రమ్ములు నింపుతున్న ఏసోబు వెనక తలుపు దాకా వచ్చాడు.

అతని సమాధి ఆరాధన మా మందిరంలోనే జరిగింది. ముందు వరసలో సంఘపెద్ద తెల్ల చొక్కాలో, తల వంచుకుని కూర్చున్నాడు. అయ్యగారు, అంటే మా పాస్టరు, ప్రభువు తన తోటలో ఒక పువ్వును కోసుకున్నాడని ప్రసంగించారు. ఏసోబు పువ్వులా ఎప్పుడూ లేడు. గట్టి చేతులున్న, దగ్గుతూ నవ్వే మనిషి. కానీ కోసుకున్నది దేవుడని తేలిపోతే ముందు వరసలో వాళ్ళకు హాయిగా ఉంటుంది. అయ్యగారికి ఆ సంగతి తెలుసు. ఆయనకు జీతమిచ్చేది దేవుడు కాదు మరి. "అంతా దేవుని చిత్తం" అని ముగించారు.

సార్ లేచి నిలబడ్డారు. చేతిలో కళ్ళజోడు ఉంది. గొంతు పెంచలేదు.

"అయ్యగారు, ఒక్క మాట. ఆ తలుపుకు బయట తాళం ఉన్నది. ఆ తాళం దేవుడు ఏయలేదు. ఏసినోళ్ళ పని దేవుని మీద పెట్టి ఈ పిలగాన్ని మట్టి జేయొద్దు."

ముందు వరసలోంచి ఒకావిడ గబగబా కీర్తన అందుకుంది. తక్కినవాళ్ళు ఆమెతో కలిశారు. మా సంఘం అంత గొప్పగా పాడటం నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. చెవులు మూసుకోవడానికి అందరికీ ఒకేసారి పాట దొరికింది.

రెండు రోజులకు సంఘపెద్ద పండ్ల బుట్టతో సార్ ఇంటికి వచ్చాడు. ఆ సంభాషణ అమ్మగారు, అంటే సార్ భార్య, నాకు చాలాసార్లు చెప్పింది. ఆమె సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మాట అటూ ఇటూ పోనివ్వదు.

"విచారణకు ఆఫీసర్లు వస్తరు సార్. మీరు మధ్యల ఎందుకు? తాళం ఉన్నదని మీరు కండ్లతోటి చూసిన్రా?"

"నేను చూడలే. చూసినాయనను మొన్న సమాధి జేసినం."

"మన సంఘం పేరు ఏమైతది, ఆలోచించిన్రా?"

"ఆలోచించిన అన్నా. అందుకే చెప్త అంటున్న."

అమ్మగారు పండ్ల బుట్ట తీసుకెళ్ళి ఆయన కారు బానెట్ మీద పెట్టి వచ్చింది. లోపలికి వచ్చి, "చాయ్ తాగి పోతవా అన్నా?" అని అడిగిందట. తాగాడట కూడా. అదీ మనిషి తీరు.

సార్ అధికారుల ముందు తనకు తెలిసింది చెప్పారు. ఏసోబు ఏమడిగాడో, సంఘపెద్ద ఏమని ఒప్పుకున్నాడో అంతా. నేనూ వెళ్ళి, హబ్సిగూడలో విన్నది చెప్పాను. అప్పటిదాకా భయపడి తలుపు తీసే ఉందన్న పనివాళ్ళలో ఇద్దరు తర్వాత వచ్చి నిజం చెప్పారు. తలుపుకు తాళం ఉందని కాగితం మీదికి ఎక్కింది. ఏసోబు భార్య రూతమ్మకు చట్ట ప్రకారం రావాల్సిన పరిహారం కొన్నేళ్ళు తిరిగాక వచ్చింది. కంపెనీ కొంతకాలం మూతపడి, బావమరిది పేరున మళ్ళీ తెరుచుకుంది. సంఘపెద్ద సంఘపెద్దగానే ఉన్నాడు. మరుసటి సంవత్సరం మందిరానికి కొత్త గేటు పెట్టించి దాని మీద తన పేరు చెక్కించుకున్నాడు.

సార్‌కు జరిగింది వేరు. జనరేటరు పెట్టాలని రేకుల షెడ్డు తీసుకున్నారు. ఆదివారం క్లాసు పోయింది. మందిరం పుస్తకాల బల్ల మీంచి ఆయన పుస్తకాలు పోయి, ఆ జాగాలో సంఘపెద్ద దంపతుల ఫోటో ఉన్న క్యాలెండర్లు వచ్చాయి. కాలేజీ పాలకవర్గంలోనూ సంఘపెద్దే ఉన్నాడు. తత్వశాస్త్రానికి పిల్లలు రావడం లేదని ప్రిన్సిపల్ ఆ విభాగం ఎత్తేశాడు. ఒకప్పుడు సార్ పుస్తకానికి ముందుమాట రాస్తానని వెంటపడిన ప్రిన్సిపల్ ఆయనే. సార్‌ను ఇంటర్వ్యూలకు ఎలా మాట్లాడాలో నేర్పే క్లాసుకు వేశారు. అవమానం అనుకుని చేశారు. సార్ మాత్రం వెళ్ళి, "మీ గురించి చెప్పండి" అనే మొదటి ప్రశ్న మీదే నెల రోజులు పాఠం చెప్పారు. తామెవరో తెలియకుండా జవాబు ఎలా చెప్తారని పిల్లల్ని అడిగారు. పక్క క్లాసుల పిల్లలు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడేవారని తర్వాత విన్నాను.

నాకు మండిపోయేది. ఒకసారి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడి ఉండగా ఆ మనుషుల్ని నోటికొచ్చినట్టు అన్నాను. పురుగులన్నాను. సార్ పల్లీల పొట్లం నా వైపు చాపారు.

"కోపం రావాలె బిడ్డా. రాకపోతే తప్పు. గని వాళ్ళను తక్కువ జేసి చూడకు. పురుగు అన్నవనుకో, ఇగ దాన్ని ఏం అడుగుతవు? మనిషి అంటేనే నిలబెట్టి అడగొచ్చు."

ఆ మాట గొప్పదని నాకు తెలుసు. అది పాటించడం ఇప్పటికీ నా వల్ల కాలేదు. ఆయన వాళ్ళను మనుషులుగా చూసి ఎన్నేళ్ళు అడిగినా వాళ్ళ నుంచి ఒక్క జవాబు రాలేదు. ఆ సంగతి ఆయనతో అంటే, "అడుగుడు ఆపితే గద ఓడినట్టు" అనేవారు. ఈ ఒక్క విషయంలో గురువుగారితో నా వాదన తెగలేదు. ఇక తెగదు.

ఈ వానాకాలం మొదట్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. దవాఖానాలో మాట పడిపోయి కొన్ని రోజులున్నారు. చివరిసారి నేను వెళ్ళినప్పుడు, మంచం మీద కొంచెం పక్కకు జరిగి, కూర్చోమన్నట్టు చేత్తో చోటు చూపించారు.

సమాధి ఆరాధన రోజు మందిరం నిండింది. ఫ్లెక్సీ కట్టారు. సార్ పుస్తకాలు ఎక్కడి నుంచి తీశారో దుమ్ము తుడిచి బల్ల మీద వరసగా పెట్టారు. ప్రిన్సిపల్ మాట్లాడుతూ, ఆయన పేరున తత్వశాస్త్ర బహుమతి పెడతామన్నాడు. తత్వశాస్త్రమే లేని కాలేజీలో ఆ బహుమతి ఎవరు గెలుస్తారో చెప్పలేదు. తర్వాత సంఘపెద్ద లేచి మైకు వైపు నడిచాడు. ఫోటోగ్రాఫరు కూడా ముందుకు జరిగాడు.

అమ్మగారు కుర్చీలోంచే అంది, "నువ్వు కూసో అన్నా. రూతమ్మ మాట్లాడుతది."

సంఘపెద్ద అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు బైబిలు వైపు చూశారు. ఈలోగా రూతమ్మ నడిచి మైకు దగ్గరికి వచ్చేసింది. మల్లాపూర్‌లో ఒక బడిలో ఆయాగా పనిచేస్తోంది. పని చీరతోనే వచ్చింది. మైకు ఎక్కువ ఎత్తులో ఉంటే వంచుకోలేదు, పక్కకు జరిగి ఉత్త గొంతుతోనే మాట్లాడింది.

"మా ఆయన పోయిన్నాడు నేను దేవున్ని తిట్టిన. మట్టి ఏస్తుంటె, అందరి ముందర, మస్తు తిట్టిన. గట్ల అనొద్దమ్మా, పాపమమ్మా అని అందరు నా నోరు మూయవట్టిరి. సార్ ఎక్కడికెళ్ళో ఒక కుర్చీ తెచ్చి ఏసిండు. 'కూసోని తిట్టమ్మా, అలిసిపోతవు, ఇనేటోడు ఇంటడు' అన్నడు. నేను తిట్టుడు అయిపోయేదాంక పక్కన నిలవడ్డడు. తర్వాత ఆఫీసుల పొంటి తిరిగినప్పుడు సుత నిలవడ్డడు. దేవుని గురించి నాకు ఒక్కనాడు చెప్పలే. నేను మల్ల మందిరానికి వచ్చిన్నంటే ఆ కుర్చీ కోసం వచ్చిన. మీ కోసం రాలే."

అంతే అని దిగిపోయింది. ఈసారి కీర్తన అందుకోవడం ఎవరికీ చేతకాలేదు. సంఘపెద్ద ఫోన్ తీసి చూసుకుంటున్నాడు. ఆ ముఖంలో సిగ్గు వెతికాను. సార్ అయితే ఉందనే అనేవారు. నాకు కనిపించలేదు.

సమాధుల తోటలో వాన పట్టుకుంది. ముందు వరస వాళ్ళు పెట్టెకు దూరంగా నిలబడి, బూట్లకు బురద అంటకుండా ఒక్కొక్కరే కార్లు ఎక్కి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం మట్టి వేశాం. షిఫ్టు మధ్యలో వచ్చిన కంపెనీల వాళ్ళు పార తీసుకుని పూర్తి చేశారు. తిరిగి వస్తుంటే అమ్మగారి చెప్పు బురదలో దిగబడి ఊడిపోయింది. రూతమ్మ వంగి, చెయ్యి లోపలికి పెట్టి దాన్ని పైకి లాగింది. గోడ పక్కన నల్లా ఉంటే తీసుకెళ్ళి, తిప్పి, నిదానంగా కడుగుతోంది. అమ్మగారు ఒంటికాలి మీద నిలబడి, పడిపోకుండా ఆమె భుజం పట్టుకుంది. ఇద్దరూ తడుస్తున్నారు. చెప్పు శుభ్రంగా అయ్యాక కూడా నీళ్ళు కాసేపు దాని మీద పడుతూనే ఉన్నాయి.