మోత్కూరు పిల్లకు ట్రిప్-హాప్

పెండ్లిచూపులల్ల మేమిద్దరం మాట్లాడుకోనీకి మగ్గమున్న అర్రల కూసోబెట్టిన్రు. మా బాపు ఆ పొద్దు నేత ఆపి మగ్గం మీద పాత చద్దరు కప్పిండు. పిల్లగాడు ఆ చద్దరు మీద ఫోను పెట్టి, చెవుల పెట్టుకునే తెల్ల బుడిపె ఒకటి నా చేతికిచ్చిండు.

"నేనేంటో మాటల్లో చెప్పలేనండి. ఈ ఆల్బమ్ వినండి, అర్థమైపోతుంది" అన్నడు.

ఆయనది పాలమూరు. హైదరాబాదుల సాఫ్ట్‌వేర్ నౌకరి. నడుమ వాళ్లమ్మ బయటి నుంచి పిలిస్తే "ఆఁ, వస్తున్ననే" అని మంచిగనే పలికిండు. నా దిక్కు తిరగంగనే మళ్ల టీవీల వార్తలు చదివేటోని లెక్క మాట్లాడుడు. నాకు అప్పుడే నవ్వొచ్చింది. ఆపుకున్న.

ఆ ఆల్బమ్ ఒక బ్రిటన్ ఆమెది. పాటలు ఆమెనే రాసుకుంటది, ఆమెనే పాడుతది. ట్రిప్-హాప్ అంటరట దాన్ని. డోలు నిద్రమబ్బుల కొట్టినట్టు మెల్లగ ఉంటది. కింద బరువుగ ఒక మోత నడుస్తుంటది. పాత రికార్డు గీసుకపోయినట్టు చప్పుడు. వాటన్నిటి మీద ఆమె గొంతు, ఎవరితోటి పని లేనట్టు. ఆ పొద్దు నాకు సగం పాటనే వినబడ్డది. తక్కిన సగం ఆయన మాటలే.

"ఇది అందరికీ ఎక్కదండి. కొంచెం టేస్ట్ కావాలి."

నేను నల్లగొండల ఒక ప్రైవేటు దవాఖాన ల్యాబుల పనిచేస్త. నాకు తెల్సింది టెస్టులు, టేస్టు సంగతి తెల్వదు అందామనుకున్న. బయట కూసున్న బాపు మొకం యాదికొచ్చి ఊకున్న.

సంబంధం తెచ్చింది మా మేనమామ. "పిల్లగాడు ఇంగ్లీషు పాటలే వింటడట" అని ఊరంత చెప్పుకుంట తిరిగిండు, అదే నౌకరి అన్నట్టు. రెండు దిక్కులా సరే అనుకున్నరు. ఇగ ఆయన ఆ ఆల్బమ్ నాకు పంపి, రోజూ ఫోను. "విన్నావా? ఏమనిపించింది?" సారు హోంవర్క్ అడిగినట్టు. నా ఫోన్ల బతుకమ్మ పాట రింగ్‌టోన్ ఉంటే తీసెయ్యమన్నడు. ఆఫీసుల ఎవరన్న వింటే పరువు పోతదట. ఆయన ఆఫీసుల నా ఫోను ఎందుకు మోగుతదో ఆయనకే తెల్వాలె.

నేను హాస్టల్ల ఉండి శనివారం శనివారం మోత్కూరు బస్సెక్కేదాన్ని. బస్సులనే వినుడు. మొదట కోపంతోటి విన్న. ఒకసారి సీటు దొరకక నిలబడి పోతున్నప్పుడు నాలుగో పాట వచ్చింది. ఒకామె కిరాయి ఇల్లు ఖాళీ చేసి, ఉత్త గదులల్ల తిరుగుకుంట ఏ గోడకు ఏముండెనో చెప్పుకునే పాట. నా ఇంగ్లీషు అంతంత మాత్రమే, అయినా ఆమె మెల్లగ పాడుతది కాబట్టి తెలిసింది. దిగాల్సిన జాగా వచ్చేదాక అదే మళ్ల మళ్ల పెట్టుకున్న.

ఆ మాటే ఆయనకు చెప్పిన. "ఇల్లు ఖాళీ చేసేటామె పాట మంచిగున్నది. డోలు గూడ మా బాపు అలసిపోయినంక నేసినట్టున్నది."

గట్టిగ నవ్విండు. "మగ్గమేంటి? అది లోపలి శూన్యం. నువ్వు అన్నింటినీ మోత్కూరుకు లాక్కొస్తావు."

"ఇల్లు ఖాళీ చేసుడు గురించే కదా పాట?"

"లిరిక్స్ ముఖ్యం కాదు."

పాటలు సొంతంగ రాసుకుంటదని ఆమెను నెత్తిన పెట్టుకున్న మనిషి, ఆమె రాసింది ముఖ్యం కాదంటడు. శూన్యం అన్న మాట ఏడనో చదివి తెచ్చుకున్నడని నాకు అప్పుడే అనుమానం.

నిశ్చితార్థం చీర కొననీకి ఇద్దరు దోస్తులను వెంటేసుకొని కారుల నల్లగొండ వచ్చిండు. నేసేటోళ్ల ఇంటి పిల్లకు చీర షోరూములనే కొనాల్నట. ముందుగాల పానగల్ గుళ్లు చూద్దామన్నరు. కారుల అదే ఆల్బమ్ పెట్టిండు. మొదటి పాట కొంచెం మోగంగనే మార్చిండు. రెండోది మార్చిండు. మూడోది మార్చిండు. నాలుగోది మొదలైంది. ఆమె ఇంక నోరు తెరవనే లేదు, ఆయన వేలు మళ్ల బటన్ మీదికి పోయింది.

"జర ఉండనియ్యుండ్రి. గది మంచి పాట" అన్న.

ఆయన దోస్తుల దిక్కు తిరిగి నవ్విండు. "చూశార్రా? మోత్కూరు పిల్లకు ట్రిప్-హాప్ నేర్పించా! మొదట్లో మగ్గం చప్పుడు అనేది."

వాళ్లు పడి పడి నవ్విన్రు. నాకు చెవులు కాలినయి.

"మీరు గీ పాట ఎప్పుడన్న ఆఖరుదాక విన్నరా?" అని అడిగిన.

"ఇలాంటివి అలా వినరు. వైబ్ పట్టుకోవాలి."

"బండి ఆపుండ్రి."

"ఏమైంది? కడుపులో తిప్పుతుందా?"

"ఆ, మీ మాటలకు."

దిగి ఆటో ఎక్కిన. ధైర్యంగనే దిగిన గని, మోత్కూరు బస్సు కోసం బస్టాండుకు పోనియ్యమన్నంక బాపు యాదికొచ్చిండు. బాపుకు ఏం చెప్పాల్నో తెల్వలె.

పిల్లగాడు ఫోన్ల చెప్పిండట, నేను ఇంటికి పోయేవరకే మేనమామ వచ్చి ఒర్రుతున్నడు. "పాట కోసం బంగారమసొంటి సంబంధం చెడగొట్టుకుంటదా ఎవతన్న!" బాపు ఆయనను ఊకోమని, "ఏదీ, గా పాట వినిపియ్యి" అన్నడు. ఫోను చెవి కాడ పెట్టుకొని పాట మొత్తం విన్నడు.

"ఏడ్పు పాట" అన్నడు.

"అవును."

"గీ దానికే పెండ్లి వద్దంటవా?"

"పాటకు కాదు బాపు. డోలు మన మగ్గం చప్పుడు లెక్కున్నదంటే దోస్తుల ముందట నవ్విండు. నేనేమన్నా నలుగురి ముందట గట్లనే నవ్వుతడు. పెండ్లయినంక ఇంకింత నవ్వుతడు."

బాపు ఫోను నా చేతికిచ్చిండు. "మగ్గం చప్పుడన్నందుకు నవ్విండా?" అని మళ్ల అడిగిండు. నవ్విండన్న. అప్పుడు మేనమామ దిక్కు తిరిగి, "పిల్లకు నచ్చలేదని చెప్పు. గంతే" అన్నడు. మేనమామ మా ఇంట్ల చాయ్ ముట్టక సంవత్సరం దాటింది.

పిల్లగాడు ఊకోలె. కొందరికి సంగీతం వినబడుతుందట, కొందరికి చప్పుడే వినబడుతుందట, ఇంగ్లీషుల స్టేటస్ పెట్టిండు. కింద దోస్తులు చప్పట్లు. ఆయన వినేది ఆ చప్పట్లే.

కొన్నాళ్లకు నాకు దేవరకొండ దిక్కు సంబంధం కుదిరింది. మా ఆయనకు పాటల ఫికరే లేదు, క్రికెట్ ఉంటే చాలు. మొన్న వంటింట్ల ఆ ఆల్బమ్ పెట్టుకుంటే గిలాస పట్టుకొని వచ్చి నిలబడ్డడు.

"ఏం పాటలు ఇవి?"

"ఇంగ్లీషువి."

"మంచిగున్నయా?"

"ఒకటి మస్తుగున్నది. రెండు పర్వాలేదు. తక్కినయి ఊకె సాగదీసింది."

"గట్లనా" అని, ఆ ఒక్కటి ఏదో పెట్టమన్నడు.